షెఫీల్డు నుంచి వెనుదిరిగిన విజేత

స్నూకర్ ఆట పుట్టినది భారతదేశంలోనే. 1875లో జబల్పూరులోని బ్రిటిష్ సైనికాధికారులు వానాకాలపు మధ్యాహ్నాలను గడపడానికి బిలియర్డ్స్ బల్ల మీద రంగురంగుల బంతులను పేర్చి కల్పించుకున్న వినోదమది. దాని నిబంధనలు రూపుదిద్దుకున్నది ఊటీ క్లబ్బులో. కాని ఆ ఆటనే వృత్తిగా స్వీకరించి దానితో జీవించదలచినవాడు మాత్రం ఇంగ్లండు చేరవలసిందే. ఆ ప్రయాణం చేసి, గెలుపు రుచి తెలుస్తున్న సమయంలోనే తిరిగివచ్చిన బెంగుళూరు యువకుడు పంకజ్ అద్వానీ.

1985 జూలై 24న పుణెలో జన్మించిన పంకజ్ బాల్యం కొన్నేళ్ళు కువైట్‌లో గడిచింది. తరువాత కుటుంబం బెంగుళూరు చేరింది. తండ్రి మరణించేనాటికి అతడు పసివాడు. పదేళ్ళ ప్రాయంలో అన్న శ్రీ వెంట స్నూకర్ పార్లరుకు వెళ్ళడమే అతని విద్యాభ్యాసానికి నాంది. ఆ రోజుల్లో పార్లరంటే మధ్యతరగతి ఇళ్ళలో సదభిప్రాయం ఉండేది కాదు. పొగ, పందెం, చదువు చెడగొట్టుకున్న కుర్రాళ్ళు, ఇవే జ్ఞాపకం వచ్చేవి. అదృష్టవశాత్తు ఈ బాలుడు మాజీ జాతీయ ఛాంపియన్ అరవింద్ సవూర్ కంటబడ్డాడు. క్యూ పట్టడం, వంగి నిలబడడం, కొట్టేముందు ఊపిరి నిలపడం ఆయన వద్దనే అతనికి వంటబట్టాయి.

బిలియర్డ్స్, స్నూకర్ దాయాదుల వంటివి. ఇల్లొకటే, పొత్తు మాత్రం కుదరదు. బిలియర్డ్స్‌లో ఉన్నవి మూడే బంతులు. వాటిని చెదరనివ్వక, ఒకదానికొకటి చేరువలో ఉంచి, మెత్తని స్పర్శతో గంటల తరబడి పాయింట్లు కూడబెట్టడం అందులోని నేర్పు. స్నూకర్‌లో బంతులు 22. పన్నెండడుగుల బల్లకు ఈ కొసన ఉండి ఆ కొసనున్న పాకెట్‌లోకి బంతిని సూటిగా పంపే చేవ అక్కడ కావాలి. ఒకదానికి అలవడిన చేయి మరొకదానికి అంత సులభంగా లొంగదు. అందుచేతనే పెద్ద ఆటగాళ్ళలో అధికులు రెండింటిలో ఒకదానిని ఎంచుకుంటారు. పంకజ్ ఎంచుకోలేదు.

2003లో చైనాలోని జియాంగ్మెన్‌లో పాకిస్తాన్ ఆటగాడు సాలే మహమ్మద్‌ను ఓడించి ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ కిరీటం గెలిచేనాటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. 1984లో ఓం అగర్వాల్ తరువాత ఆ ఘనత సాధించిన భారతీయుడు మరొకడు లేడు. 2005లో మాల్టాలో బిలియర్డ్స్‌కు మరలి, పాయింట్ల పద్ధతిలోను, కాలపరిమితి పద్ధతిలోను రెండు ప్రపంచ టైటిళ్ళనూ ఒకేసారి గైకొన్నాడు. 2009లో లీడ్స్‌లో మైక్ రస్సెల్ అంతటి దిగ్గజాన్ని ఓడించి ప్రొఫెషనల్ బిలియర్డ్స్ విజేత అయ్యాడు. ఆసియా క్రీడలలో రెండు స్వర్ణాలు, ఖేల్‌రత్న, పద్మశ్రీ, అన్నీ ముప్పై ఏళ్ళు నిండకముందే.

ఇక మిగిలినది ప్రొఫెషనల్ స్నూకర్. 2012లో అతడు ఆ రంగంలో అడుగుపెట్టాడు. బెంగుళూరులో ప్రపంచ విజేత; షెఫీల్డులో మాత్రం అర్హత పోటీలు ఆడి నెగ్గితేనేగాని టెలివిజన్ కెమెరాల ముందుకు రాలేని కొత్తవాడు. ఆ పోటీలు జరిగేది ప్రేక్షకులు పలుచగా ఉండే గదులలో. ప్రొఫెషనల్ అనగానే నెలజీతం ఊహించుకోరాదు. విమానఛార్జీలు, బస, భోజనం అన్నీ ఆటగాడివే. ఆ కాలంలో అనేక పోటీలలో తొలి మ్యాచ్ ఓడినవానికి ఒక్క పౌను కూడా దక్కేది కాదు. రెండు సీజన్ల గడువులో ప్రపంచ ర్యాంకింగులో మొదటి 64 మందిలో చేరకపోతే ఉన్న స్థానమూ నిలుస్తుందన్న భరోసా లేదు.

పంకజ్‌కు ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం అండగా ఉన్నది. కనుక అతని అసలు ఇబ్బంది డబ్బు కాదు, కాలం. స్నూకర్ పోటీలు ఏడాది పొడవునా సాగుతాయి. బిలియర్డ్స్‌కు వ్యవధి ఏదీ? అయినా 2012లో లీడ్స్‌లో మళ్ళీ రస్సెల్‌నే ఓడించి బిలియర్డ్స్ కిరీటం తెచ్చుకున్నాడు. కొద్ది నెలలకే, 2013 ఫిబ్రవరిలో, వెల్ష్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ చేరాడు. ర్యాంకింగ్ పోటీలో ఒక భారతీయుడు అంతదూరం వెళ్ళడం అదే ప్రథమం. అక్కడ జడ్ ట్రంప్ అతణ్ణి నిలువరించాడు.

దారి తెరుచుకుంటున్నదని అందరూ భావిస్తుండగానే, 2014లో అతడు ప్రొఫెషనల్ స్థానాన్ని తానుగా వదలుకున్నాడు. స్వదేశంలో ఉండి రెండు ఆటలూ ఆడాలన్నదే అతని నిర్ణయం. దానిని వెనుకంజ అన్నవారున్నారు. ఆ మాట న్యాయం కాదు. ఆ ఏడాదే అతడు బిలియర్డ్స్‌లో జంట కిరీటాలను మూడవసారి గెలిచాడు. అయితే అతడు వదలుకున్నది చిన్నదని చెప్పడమూ సత్యం కాదు.

వెనుదిరగని వాని గతి ఎలా ఉంటుందో తెలియాలంటే ముంబయికి చెందిన ఆదిత్య మెహతాను చూడాలి. వయస్సులో పంకజ్‌కు సమకాలికుడు. 2008లోనే ప్రొఫెషనల్ అయ్యాడు. 2013లో న్యూఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్‌లో ఫైనల్ చేరి, చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయీ చేతిలో 0-5తో ఓడాడు. మరుసటి ఏడు జర్మనీలో, ప్రొఫెషనల్ పోటీలో 147 పాయింట్ల బ్రేక్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు. పదిహేను ఎర్రబంతులను, ప్రతి ఎరుపు వెంట ఒకసారి నల్లబంతిని, ఆపై ఆరు రంగులను వరుసగా, మధ్యలో ఒక్క తప్పూ లేకుండా పాకెట్లలో వేస్తేనే ఆ అంకె వస్తుంది. తరువాత మెడ, భుజం బాధలు అతణ్ణి పీడించాయి. రోజుకు గంటల తరబడి బల్ల మీదకు వంగి ఉండవలసిన ఆటలో మెడ మొరాయిస్తే మిగిలేది ఏమిటి? అతని ప్రొఫెషనల్ ప్రస్థానం అంతటితో తరిగిపోయింది.

2015లో ఈజిప్టులోని హుర్గడాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ ఫైనల్ జరిగింది. ముప్పై ఏళ్ళ పంకజ్‌కు ఎదురుగా పద్దెనిమిదేళ్ళ చైనా యువకుడు జావో షిన్‌టాంగ్ నిలిచాడు. పంకజ్ 8-6తో గెలిచాడు. ఓడిన కుర్రవాడు మరుసటి ఏడు ప్రొఫెషనల్ అయ్యాడు, 2021లో యు.కె. ఛాంపియన్ అయ్యాడు, మ్యాచ్ ఫిక్సింగు వ్యవహారంలో ఇరవై నెలల నిషేధానికి గురయ్యాడు. శిక్ష ముగిసిన పిదప అర్హత పోటీల నుంచి మొదలుపెట్టి, 2025 మే నెలలో షెఫీల్డులోని క్రూసిబుల్ థియేటర్‌లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన తొలి ఆసియావాసి అయ్యాడు. పంకజ్ ప్రపంచ టైటిళ్ళ సంఖ్య 2024 నాటికే 28కి చేరింది. క్రూసిబుల్ ప్రధాన పోటీలో మాత్రం అతడు ఎన్నడూ ఆడలేదు.