రకం ఏదైనా... మాత్రలు ఆపొద్దు!

‘‘నాది జీనోటైప్-ఎ అంట సార్. అంత ప్రమాదం లేదన్నారు. అందుకే మాత్రలు ఆపేశా.’’

కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి మా వార్డుకు వచ్చిన ఓ నలభై ఏళ్ల వ్యక్తి మాటలివి. ఆయనకు హెపటైటిస్-బి ఉందని రెండేళ్ల కిందటే తేలింది. అప్పటికే కాలేయం గట్టిపడటం (సిర్రోసిస్) మొదలైంది. అయినా మాత్రలతో నిలకడగానే ఉన్నారు. జీనోటైప్ పరీక్ష రిపోర్టు చూశాక ధైర్యం వచ్చి మందు మానేశారు. అణగి ఉన్న వైరస్ కొన్ని నెలల్లోనే విజృంభించింది.

జీనోటైప్ అంటే?

హెపటైటిస్-బి వైరస్ అంతా ఒకేలా ఉండదు. జన్యువుల్లో తేడా సుమారు 8 శాతం దాటితే వేరే రకంగా లెక్కిస్తారు. ఎ నుంచి హెచ్ వరకు 8 ప్రధాన రకాలున్నాయి. మన దేశంలో డి, ఎ రకాలు ఎక్కువ. తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో సి కూడా కనిపిస్తుంది.

జబ్బు తీరు మారుతుందా?

కొంత మారుతుంది. తూర్పు ఆసియాలో ఎక్కువగా ఉండే బి, సి రకాలను పోలిస్తే సి రకంలో వైరస్ ఎక్కువ ఏళ్లు చురుగ్గా ఉంటుంది. సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. డి రకంలో ‘ఇ-యాంటిజెన్’ నెగెటివ్ వచ్చినా లోపల వైరస్ పెరుగుతూ ఉండటం తరచూ చూస్తాం. కాబట్టి ఆ ఒక్క నెగెటివ్ చూసి ఊరుకోకూడదు.

మరి ‘ఎ’కి మంచి పేరెందుకు? ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు అది బాగా లొంగుతుంది కాబట్టి. అంతేగానీ కాలేయాన్ని వదిలేస్తుందని కాదు. ఆఫ్రికాలో చిన్న వయసులోనే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తున్నది ఎ1 ఉపరకమే. మన దేశంలోని ఎ రకంలోనూ ఎక్కువగా కనిపించేది ఇదే.

ఏం చూడాలి?

టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు అన్ని రకాల మీదా పనిచేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ ఇవ్వాలనుకుంటే తప్ప చాలామందికి జీనోటైప్ పరీక్ష అక్కర్లేదు. వైరల్ లోడ్, ఏఎల్‌టీ, కాలేయం ఎంత గట్టిపడింది, వయసు, ఇంట్లో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చిందా... చికిత్స వీటిని బట్టే.

* డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపొద్దు. మద్యం పూర్తిగా మానాలి.

* సిర్రోసిస్ ఉన్నవారు 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోవాలి. సిర్రోసిస్ లేకున్నా కొందరికి క్యాన్సర్ రావొచ్చు. మీకు స్కాన్ అవసరమా అన్నది డాక్టర్‌ను అడగండి.

* ఒకరికి ఉంటే ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి. వైరస్ సోకనివారికి టీకా వేయించాలి. అది అన్ని రకాల నుంచీ కాపాడుతుంది.

* తల్లికి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలి. పుట్టుకతో సోకితే పదిమందిలో తొమ్మిది మందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది.

* 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక ఆయన నెమ్మదిగా కోలుకున్నారు. ఈమధ్య ఓపీకి వస్తూ ఇద్దరు తమ్ముళ్లనూ వెంటబెట్టుకొచ్చారు. వారిలో ఒకరికి పాజిటివ్. కాలేయం ఇంకా బాగానే ఉంది. అతను మొదట అడిగింది తనది ఏ రకమని. నేను చెప్పింది మళ్లీ ఎప్పుడు రావాలో!