చిన్న బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఖోర్ ఫక్కాన్ పోర్టు దగ్గర ఓ లాజిస్టిక్స్ కంపెనీలో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మాది రాజమండ్రి. 2021లో అమ్మానాన్నల కోసం అక్కడే ఓ కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. పెద్ద కంపెనీ కట్టిన గేటెడ్ కమ్యూనిటీ కాదు. 450 గజాల స్థలం, కింద పార్కింగ్, పైన 4 అంతస్తులు, మొత్తం 8 ఫ్లాట్లు. ధర 38 లక్షలు. బిల్డర్ మా వాళ్లకి తెలిసినాయనే. ఫ్లాట్ చివరికి చేతికొచ్చింది గానీ, మధ్యలో రెండుసార్లు మా పొదుపంతా మునిగేంత పనైంది. ఇక్కడ గదుల్లో ఉంటూ ఊళ్లో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

రెరా ఉంది కదా అనుకోకండి

దుబాయ్‌లో రెరా ఉంది, ఇండియాలోనూ రెరా ఉంది. పేరు ఒకటే, చట్టాలు వేరు. దుబాయ్‌లో 2007 నాటి చట్టం ప్రకారం కట్టబోయే ఫ్లాట్లకి కొనుగోలుదారులు ఇచ్చే డబ్బు ఎస్క్రో ఖాతాలోకి వెళ్లాలి. ఇండియా చట్టం 2016లో వచ్చి, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. దాని ప్రకారం వసూలైన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు.

కిటుకు ఎక్కడుందంటే, స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టుని రెరాలో రిజిస్టర్ చేయనక్కర్లేదని చట్టంలోనే మినహాయింపు ఉంది. మా బిల్డింగు రెండు లెక్కల్లోనూ బయటే ఉంది. "మనకి రెరా అక్కర్లేదండీ" అని బిల్డర్ అన్నది నిజమే. కానీ అలాంటి చోట రెరా వెబ్‌సైట్‌లో ప్లాన్ కనపడదు, ప్రత్యేక ఖాతా ఉండదు. ఆ కాపలా మనమే కాయాలి.

ఫ్లాట్ ఎవరిది?

మాకు ముందు మొదటి అంతస్తులో ఫ్లాట్ చూపించారు. మిగతా వాటికన్నా 2 లక్షలు తక్కువన్నారు. టోకెన్ పంపేద్దామనుకుంటుంటే మా బావమరిది ఫోన్ చేసి, "ఆగు బావా, మున్సిపాలిటీలో కనుక్కుని చెప్తా" అన్నాడు. ప్లాన్ మంజూరు చేసేటప్పుడు నిర్మాణంలో సాధారణంగా 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకునేవారు. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే దాన్ని విడుదల చేస్తారు. మాకు చవగ్గా చూపించింది ఆ తనఖాలో ఉన్న ఫ్లాటే! మేం మూడో అంతస్తుకి మారాం.

ఇంకొకటి కూడా చూడాలి. చిన్న బిల్డర్లు ఎక్కువగా స్థలం కొనరు. స్థలం యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకుని ఫ్లాట్లు పంచుకుంటారు. మీరు కొనే నంబరు బిల్డర్ వాటాలో ఉందో, యజమాని వాటాలో ఉందో ఆ కాగితంలో చూడండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు మీ సొంత లాయరుకి చూపించండి, బిల్డర్ చెప్పిన లాయరుకి కాదు. దస్తావేజులో మీ పేరు మీద ఎన్ని గజాల అన్‌డివైడెడ్ షేర్ వస్తుందో రాయించుకోండి. రేపు బిల్డింగు పాతబడ్డాక విలువ ఉండేది ఆ స్థలానికే.

డబ్బు ఎప్పుడివ్వాలి?

మన వైపు గోడలు, స్లాబు అయ్యాక సెమీ ఫినిష్డ్‌గా రిజిస్ట్రేషన్ చేసి, మిగతా పనికి కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంట్ రాయడం మామూలే. రిజిస్ట్రేషన్ రోజునే మొత్తం ఇచ్చేయమని మా బిల్డర్ అడిగారు. మేం 6 లక్షలు ఆపాం. లిఫ్టుకింత, కరెంటు మీటరుకింత, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కింత అని అగ్రిమెంట్‌లో విడగొట్టి రాయించాం. తర్వాత పని ఏడు నెలలు ఆగిపోయింది. ఆయన ఇంకో సైటు మొదలుపెట్టారు. మా 6 లక్షలు ఆయన దగ్గరే ఉండి ఉంటే మళ్లీ మా బిల్డింగు వైపు వచ్చేవారు కాదని నా నమ్మకం. మొత్తం ఇచ్చేసిన ఒక కుటుంబం మాత్రం ఆ ఏడు నెలలూ ఆయనకి ఫోన్లు చేస్తూనే ఉంది.

జీఎస్టీ కూడా సరిచూడండి. మమ్మల్ని 5 శాతం అడిగారు. కానీ ధర 45 లక్షలు దాటకుండా, కార్పెట్ ఏరియా మెట్రోలు కాని ఊళ్లలో 90 చదరపు మీటర్లలోపు ఉంటే 1 శాతమే. మాకు 1,90,000 బదులు 38,000 అయింది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అసలు జీఎస్టీయే లేదు.

ఇక్కడి నుంచి చేయాల్సినవి

ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారైలు ఫ్లాట్ కొనడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి అక్కర్లేదు. వ్యవసాయ భూమి మాత్రం కొనకూడదు. డబ్బు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచి గానీ, బ్యాంకు ద్వారా గానీ వెళ్లాలి. "కొంచెం క్యాష్ ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి. ఆ సొమ్ముకి రేపు కోర్టులో రుజువుండదు.

పవర్ ఆఫ్ అటార్నీ కోసం నేను సెలవు పెట్టి దుబాయ్ కాన్సులేట్‌కి వెళ్లాను. సొంత తమ్ముడికైనా సరే, ఆ ఒక్క ఫ్లాట్ వరకే స్పెషల్ పవర్ ఇవ్వండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి. మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

రెరా రిజిస్ట్రేషన్ లేదని దారి మూసుకుపోలేదు. ఇల్లు కట్టివ్వడం కూడా సేవ కిందికే వస్తుంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ నిలబడేది మీ దగ్గరున్న కాగితమే. అందుకే ప్రతి మాటా వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి.

మా నాన్న ఇప్పుడు లిఫ్టులోనే మూడో అంతస్తుకి వెళ్తున్నారు. ఆ లిఫ్టు ఎక్కినప్పుడల్లా నాకు ఆపి ఉంచిన ఆ 6 లక్షలే గుర్తొస్తాయి.