కట్ట దాటిన నీరు, తొట్టి విడిచిన విషము

రుద్రంగి వైపు పల్లెలలో చెరువు కట్ట తెగి ఒకని వరిమడి ఇసుక మేట వేసినచో, మొదట వినవచ్చు ప్రశ్న "తూము జూసినోడెవడు?" అనునదే, పేద నీరటిపై నెపము మోపి ఎల్లరును చేతులు దులిపికొందురు. చెరువు నిలుపుకొన్నవాడెవడన్న మాట తరువాతనెప్పుడో గాని రాదు. ఇంగ్లండు ప్రభువుల సభ 1868లో తీర్చిన రైలాండ్స్–ఫ్లెచర్ వ్యాజ్యము సైతము ఇట్టి నీటి తగవే. మిల్లు యజమాని త్రవ్వించిన జలాశయపు నీరు పాత గనిబిలముల గుండ పొరుగువాని బొగ్గుగనిలోనికి చొచ్చెను. త్రవ్వినవారు గుత్తేదారులు, యజమానికి తెలియదు. అయినను, అపాయకర వస్తువును తన నేలపై కూడబెట్టినవాడే, అది గట్టు దాటినపుడు నష్టము భరింపవలెనని తేలినది.

ఆ సూత్రమునకు దైవఘటన వంటి మినహాయింపులుండెను. 1985 డిసెంబరు 4న ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారమునుండి ఓలియము వాయువు వెలువడిన పిమ్మట, జస్టిస్ భగవతి నాయకత్వమున సుప్రీంకోర్టు ధర్మాసనము 1986లో ఆ మినహాయింపులను త్రోసిపుచ్చి, అపాయకర పరిశ్రమకు 'సంపూర్ణ బాధ్యత'ను విధించెను.

ఇక మన విశాఖ. 2020 మే 7న, తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ ఆవరణలో ఎం6 అను తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రించుచున్న ఇండ్లపై క్రమ్మెను. లాక్‌డౌనుతో కర్మాగారము మూతబడియుండెను. కాని తొట్టిలోని ద్రవమునకు సెలవు లేదు. వేడి తగిలిన స్టైరీను తనంతట తాను గట్టిపడజొచ్చును, ఆ గట్టిపడుటయే మరింత వేడిని పుట్టించును. రాత్రులందు శీతలీకరణ యంత్రమును ఆపివేయుట అక్కడ వాడుక. ఉష్ణమాపకము తొట్టి అడుగుననే యుండుటచే, పైభాగము కుతకుతలాడుచుండగా క్రింద అంతయు చల్లగానే కనబడెను. సైరను మ్రోగలేదు. పన్నెండుగురు ప్రాణములు విడిచిరి.

నెపమునకు మనుష్యులు కరవు కాలేదు. జాతీయ హరిత ట్రిబ్యునలు మరునాడే తనంతట తాను విచారణకు గైకొని, రూ. 50 కోట్లు ముందుగా కట్టుమని సంస్థను ఆదేశించి, పిమ్మట సంపూర్ణ బాధ్యతా సూత్రమునే వర్తింపజేసెను. జులైలో సంస్థ ముఖ్యాధికారితో సహా పన్నెండుగురు అరెస్టయిరి. ధనము కట్టించుట సులభమే. నా మనసును తొలుచునది వేరొకటి. పర్యావరణానుమతి లేకయే పని నడచుచున్నట్లు 2019లో సంస్థయే ప్రమాణపత్రమున ఒప్పుకొనియుండెను! ఆ కాగితము నందుకొన్నవారును నీరటులే గదా. జీతము మాత్రము పేదనీరటిది కాదు. చట్టము తప్పించి పనిసాగనిచ్చిన ఆ అధికారులను గుర్తించి చర్య గైకొనుమని ట్రిబ్యునలు రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి చెప్పవలసివచ్చెను.

మిగిలిన స్టైరీను, సుమారు 13,000 టన్నులు, ఆ మే నెలలోనే ఓడలనెక్కి కొరియాకు తిరిగిపోయెను. దాని ప్రయాణమునకు అనుమతులు ఆలస్యము కాలేదు.