పిల్లలతో దీవిలో మూడు వారములు

ఏప్రిలు నెల ముగియుచుండగా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములందు రెండు విధములైన సందడి కనబడును. ఒకటి పెద్దలది. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులతో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు బల్లలు ఉదయముననే నిండిపోవును. అశోక్‌నగరు వీథులలో శిక్షణాలయముల ప్రకటనలు గోడలను కప్పివేయును. రెండవది పిల్లలది. బడులకు సెలవు లిచ్చిరి. నలుబది దినములకు మించిన ఈ కాలమును వీరిచేత ఎట్లు గడిపింపవలెనను ప్రశ్న ఇంటింట బయలుదేరును. 1928లో స్థాపితమైన మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల గల పేట ఇది. చదువునందు ఇచ్చటివారికి గల శ్రద్ధ నేటిది కాదు. కాని ఇటీవల పెద్దల సందడి పిల్లల సందడిని మ్రింగివేయుచున్నది. నాలుగవ తరగతి ముగించిన పసివానికి కూడ వేసవి తరగతులే, వచ్చు ఏటి పాఠముల వల్లెవేతయే.

అట్లుగాక, ఈ సెలవులలో ఒక మూడు వారములు పిల్లలను ఏదైన దీవికి కొనిపోయి, ఒకే చోట నిలిపి, సముద్రముతో పరిచయము కలిగించినచో చదువు చెడునా, సాగునా? ఉపాధ్యాయులును, తలిదండ్రులును తీరికగా ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

తెలుగువారికి దీవి క్రొత్త కాదు. గోదావరి పాయల నడుమ నున్న నేలను లంక యందురు. కోనసీమ యంతయు నదీపాయలకును సముద్రమునకును నడుమ ఏర్పడినదే. ద్వీపమను సంస్కృత పదమునకు రెండు వైపుల నీరు గలదని వ్యుత్పత్తి చెప్పుదురు. అయినను చిక్కడపల్లి బాలునకు తెలిసిన పెద్ద నీరు హుస్సేన్‌సాగరమే. ఆ నీటికి పోటు లేదు, పాటు లేదు. ఆవలి యొడ్డు ఎప్పుడును కన్నుల యెదుటనే యుండును. ఆవలి యొడ్డు కనబడని నీటిని చూచుట ఒక విద్య.

ఆ విద్యకు తగిన చోటు అండమాను దీవులు. వింత యేమనగా, ఆ దీవుల బొమ్మ మన పిల్లలలో పెక్కుమంది చేతులలో పడియే యుండును. ఎఱ్ఱని వన్నె గల పాత ఇరువది రూపాయల నోటు వెనుకవైపున చెట్ల నడుమ కనబడు సముద్రము, కొండ, దీపస్తంభము పోర్టుబ్లేయరు చెంతవి. ఆ పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. విశాఖపట్టణము నుండి అది సుమారు 1200 కిలోమీటర్ల దూరము. నౌకలో రెండున్నర మూడు దినముల ప్రయాణము. ఐదు వందలకు మించిన దీవులున్నను జనులు నివసించునవి నలుబదికి లోపే. 2011 జనాభా లెక్కలలో అచ్చట తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. శ్రీకాకుళపు తీరమునుండి వలసపోయిన మత్స్యకారుల కుటుంబములు వీరిలో పెక్కు. కావున హైదరాబాదునుండి వెళ్ళిన బిడ్డకు అచ్చటి బజారులో తెలుగు మాట వినబడును. పరాయిచోట తన భాష వినబడుట పసివానికి పెద్ద ధైర్యము.

ఐదు దినములు చాలవా?

ఐదు దినములలో నాలుగు దీవులు చూపుదుమను యాత్రలు కలవు. పెద్దలకు అవి చాలునేమో, పసివారికి చాలవు. ఐదేండ్ల బిడ్డ క్రొత్తచోట నీటికి, తిండికి, నిద్రకు అలవాటు పడుటకే మూడు నాలుగు దినములు పట్టును. మొదటినాడు అలను చూచి తల్లి మెడ వదలని బిడ్డ మూడవనాడు పాదములు తడుపుకొనును. ఆరవనాడు ఇసుకలో కాలువ త్రవ్వును. ఐదవనాడే తిరుగు ప్రయాణమైనచో ఆ బిడ్డకు మిగులునది భయమే.

సముద్రము కూడ తన పాఠమును ఐదు దినములలో చెప్పదు. అచ్చట దినమునకు రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు. పోటు వచ్చు వేళ నాటినాటికి సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకు, పున్నమికి పోటు హెచ్చును, అష్టములకు తగ్గును. పాఠ్యపుస్తకమున ఇది రెండు పంక్తుల సంగతి. కాని ఒడ్డున ఒక కఱ్ఱ పాతి, తండ్రిచేత గాట్లు పెట్టించి, నీరు ఏ గాటివరకు ఏ వేళకు వచ్చినదో ప్రతిదినము నోటుపుస్తకమున వ్రాసికొన్న బిడ్డ చంద్రునికిని సముద్రమునకును గల సంబంధమును తానే కనుగొనును. అందులకు ఒక పక్షమైన కావలెను. అలవాటు పడు దినములను, మబ్బు పట్టిన దినములను, ఒంట్లో బాగులేని దినములను కలిపినచో మూడు వారములగును. మూడు వారములు అనుట ఇందులకే.

గడియారము చెప్పు పాఠము ఇంకొకటి. మే నెల నడుమ అచ్చట ఐదు గంటల లోపుననే సూర్యుడు ఉదయించును. సాయంకాలము ఐదున్నర దాటగనే అస్తమించును. ఆ వేళకు నారాయణగూడలో ఇంకను ఎండ కాయుచుండును. గడియారము లొకటే, సూర్యుడు ఒక్కడే, భేదమెచ్చటిది? పోర్టుబ్లేయరు హైదరాబాదునకు 14 డిగ్రీలకు పైగా తూర్పున నున్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు. కావున అచ్చట సూర్యుడు నడిమింటికి దాదాపు 56 నిమిషములు ముందుగా వచ్చును. దేశమంతటికిని 82½ డిగ్రీల రేఖాంశపు కాలమే ప్రమాణమగుట చేత గడియారము మాత్రము మారదు. నేలపై నిలువుగా పాతిన పుల్ల నీడ ఏ వేళకు మిక్కిలి పొట్టిదగునో ఇంటికడ నొకసారి, దీవిలో నొకసారి చూచిన బాలునకు ఈ లెక్క మరి మఱువు రాదు. ఏప్రిలు చివరి దినములలో చూచినచో మఱియొక వింత: ఆ పొట్టి నీడ హైదరాబాదులో ఉత్తరమునకును, పోర్టుబ్లేయరులో దక్షిణమునకును పడును. సూర్యుడు అప్పటికే దీవిని దాటి ఉత్తరమునకు జరిగి, మన నగరము వఱకు ఇంకను రాలేదన్నమాట.

కాలము, కట్టుబాట్లు

నైరృతి ఋతుపవనము కేరళకు సాధారణముగా జూను 1న వచ్చును. అండమానునకు మే 20 ప్రాంతముననే చేరును. అటుపై సముద్రము కల్లోలమగును, దీవినుండి దీవికి పోవు పడవలు నిలిచిపోవును. కావున పరీక్షలు ముగిసిన వెంటనే ఏప్రిలు చివర బయలుదేరి, వానలకు ముందే మరలుట మేలు. మే నెలలో బంగాళాఖాతమున తుపానులు పుట్టుటయు కలదు. తిరుగు ప్రయాణమున రెండు మూడు దినముల వెసులుబాటు ఉంచుకొనవలెను. కూరగాయలు మొదలుకొని పెక్కు సరకులు ఓడలలోనే దీవికి రావలెను. ఓడ ఆలస్యమైనచో బజారులో కూర కఱవగును. ఇంటి ముంగిటికి బండిపై కూరలు వచ్చు పేటలో పెరిగిన పిల్లలకు ఇది కూడ పాఠమే.

పసివారితో పోవునప్పుడు దినచర్యను సూర్యుడే నిర్ణయింపవలెను. ఐదు గంటలకు లేచి, ఎనిమిదింటివఱకు ఒడ్డున ఆడి, ఎండ ముదురక మునుపే నీడకు చేరవలెను. మధ్యాహ్నము భోజనము, నిద్ర, కథలు. సాయంకాలము మరల ఒక గంట. నూలు బట్టలు, వెడల్పు అంచు టోపి, కాచిన నీరు, దోమతెర తప్పనిసరి. ఇసుకపై కనబడీ కనబడని చిన్న యీగలు కుట్టును, గోకినచో పుండ్లగును. పెద్దాసుపత్రి పోర్టుబ్లేయరులోనే యున్నది. చిన్న దీవులలో బస చేయువారు జ్వరపు మందులను, విరేచనములకు ఉప్పు పంచదారల పొట్లములను వైద్యుని సలహాతో వెంట నుంచుకొనవలెను. రెండేండ్లు నిండని బిడ్డలున్న ఇంటివారు ఒకటి రెండేండ్లు ఆగుట మంచిది.

నీటి విషయమున సడలింపు కూడదు. బిడ్డ మోకాలిలోతు నీటిలో నున్నను పెద్దలలో ఒకరు చేయి చాచిన అందునంత దూరమున నిలువవలెను. గాలి నింపిన రబ్బరు చక్రమును నమ్మరాదు. అల దానిని సులభముగా లోనికి లాగికొనిపోవును. మడ అడవుల దగ్గఱను, కాలువలు సముద్రమున కలియు చోట్లను ఉప్పునీటి మొసళ్ళు సంచరించును. 2010లో హేవ్‌లాకు దీవిలో ఒక విదేశ యాత్రికురాలు మొసలి వాతబడి మరణించెను. హెచ్చరిక పలకలున్న చోట దిగరాదు. పలక లేనిచోట స్థానికుల నడిగి దిగవలెను.

కోఠీనుండి కాలాపానీకి

నారాయణగూడనుండి నడచిపోదగిన దూరమున కోఠీ కలదు. అచ్చటి పాత రెసిడెన్సీ భవనము తరువాత స్త్రీల కళాశాలయై, నేడు మహిళా విశ్వవిద్యాలయమైనది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున జనులు ఆ రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమయ్యెను. పట్టువడిన మౌల్వీని 1859లో అండమానునకు పంపిరి; ఆయన అచ్చటనే కన్నుమూసెను. 1896 నుండి 1906 వఱకు కట్టిన సెల్యులర్ జైలునకు ఇది మునుపటి మాట. ఆ జైలులో 1933 నాటి కాకినాడ బాంబు కేసు ఖైదీ ప్రతివాది భయంకర వెంకటాచారి మొదలైన తెలుగు వీరులును ఉండిరి. ఏడు బారులలో మూడు మాత్రమే నేడు నిలిచియున్నవి. 1979లో దానిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి.

ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకు ఆ చెఱసాలను తప్పక చూపవలెను. కాని ముందుగా కోఠీ భవనమును చూపి కొనిపోవలెను. మూడు వారములు సముద్రముతో ఆడుకొనుటకు తాము పోవు దీవికి, ఒకనాడు తమ ఊరివారిని మరల రానీయకుండుటకు పంపిరని తెలిసినపుడు చరిత్ర వారికి దగ్గఱ చుట్టమగును. అంతకు చిన్నవారిని ఆ చీకటి గదులలోనికి బలవంతముగా కొనిపోనక్కఱలేదు.

దీవి ఎవరిది?

దీవి యాత్రికులది కాదు. జారవా, ఓంగీ, సెంటినెలీ మొదలైన జాతులవారు మనకంటె ఎన్నియో వేలయేండ్లకు ముందే అచ్చట నివసించుచున్నారు. వారి రక్షణకై 1956లోనే శాసనము చేసిరి. బారాటాంగు పోవు బాట జారవాల అడవి నుండి సాగును. వాహనములు నియమిత వేళలకు గుంపుగా పోవలెను. ఆగరాదు, ఛాయాచిత్రములు తీయరాదు, తినుబండారము లీయరాదు. మనుష్యులను చూచుటకు మనుష్యులు టిక్కెట్టు కొని పోవుట తగునా యని తలిదండ్రులు ముందుగా తమను తాము ప్రశ్నించుకొనవలెను. పిల్లలు వినునది మన మాటను కాదు, చూచునది మన నడతను.

పగడపు దిబ్బల విషయమును ఇట్టిదే. అవి ప్రాణులు కట్టిన కట్టడములు. ఒడ్డున పడియున్న ఎండు పగడపు ముక్కనైనను తెచ్చుట చట్టవిరుద్ధము. ఇంటికి తేదగినది బిడ్డ వ్రాసిన నోటుపుస్తకము. అంతకంటె మంచి గుర్తు లేదు.

పాఠము ప్రాణము కాచిన దినము

సముద్రపు పాఠము వలన ప్రయోజనమేమని అడుగువారికి ఒక యదార్థమే సమాధానము. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి నికోబారు దీవులలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొనిపోయెను. అదే ఉదయము థాయిలాండులోని పుకెట్ దీవిలో, మైఖావో తీరమున, పదేండ్ల ఇంగ్లీషు బాలిక టిల్లీ స్మిత్ తలిదండ్రులతో సెలవులు గడుపుచుండెను. సముద్రము నురుగులు గ్రక్కుచు, విచిత్రముగా మారుట చూచి, రెండు వారముల క్రిందట భూగోళపు తరగతిలో ఉపాధ్యాయుడు ఆండ్రూ కియర్నీ చెప్పిన సంగతి ఆమెకు స్ఫురించెను. సునామీ వచ్చుచున్నదని ఆమె పట్టుపట్టి చెప్పెను. తండ్రి కాపలావానికి తెలిపెను. తీరమున నున్న సుమారు నూరుమంది ముందుగా తొలగి బ్రదికిరి. ఆ పాఠము తరగతిలో విన్నది, దీవిలో ఫలించినది. పుస్తకమును, సముద్రమును ఒకదానికొకటి శత్రువులు కావు. భూమి కంపించినను, నీరు ఒక్కసారిగా వెనుకకు పోయినను ఎత్తైన చోటికి పరుగెత్తవలెనని ప్రతి బిడ్డకును మొదటినాడే నేర్పవలెను.

ఇంతటి ప్రయాణపు వ్యయము అందఱు భరింపలేరు. ఒక ఉపాధ్యాయుని జీతముతో నలుగురిని మూడు వారములు దీవిలో నుంచుట కష్టమే. అట్టివారు నిరాశ పడనక్కఱలేదు. కఱ్ఱ పాతి పోటును కొలుచుటకు బాపట్ల చెంత సూర్యలంక చాలును. మడ అడవిని చూచుటకు కాకినాడ చెంత కోరంగి చాలును. లంక గ్రామమున బంధువులున్నవారికి అదియే దీవి. ముఖ్యమైనది దూరము కాదు, నిలుకడ. పది చోట్లకు పరుగులిడక ఒక చోట నిలిచి, ఒక వస్తువును దినదినము చూచుట.

ఇక మిగిలినది పాఠశాలల పని. జూనులో బడులు తెఱచునప్పుడు ఉపాధ్యాయులు ఎన్ని అధ్యాయములు ముందుగా చదివితిరని అడుగక, ఏమి చూచితిరని అడుగవలెను. దీవికి పోయివచ్చిన ఒక్క బిడ్డ చేతనైన తన నోటుపుస్తకమును తరగతిలో చదివింపవలెను. గోడపై భూగోళ పటమును వ్రేలాడదీసి, పోటు లెక్కలను నల్లబల్లపై వ్రాయింపవలెను. అప్పుడు ఒక ఇంటివారు ఖర్చుపెట్టి చేసిన ప్రయాణము నలుబదిమంది పిల్లల సొత్తగును. పోలేకపోయిన బిడ్డకు కూడ సముద్రము కొంత చేరువయగును.