స్పామ్ కాల్స్ ని ఊరికే బ్లాక్ కొట్టడం ఆపేశా.. ఎందుకో చెప్తా

"సార్, పర్సనల్ లోన్ ఏమైనా చూస్తున్నారా?" అనే గొంతు రోజుకి ఎన్నిసార్లు వింటున్నారు? నాకైతే మొన్న ఒక్క మంగళవారమే ఏడు కాల్స్. రెండు లోన్లు, ఒక క్రెడిట్ కార్డ్, ఒక ఇన్సూరెన్స్, ఒకటి శంకర్‌పల్లి వైపు ప్లాట్లు. మిగిలిన రెండూ నేను "హలో" అనగానే కట్.

ఫోన్లు రివ్యూ చేసేవాడిని కదా, సెట్టింగ్స్ అన్నీ నాకు తెలుసు అనుకునేవాడిని. అందుకే ఒకరోజు విసుగొచ్చి ఫోన్ ని డు నాట్ డిస్టర్బ్ మోడ్ లో పెట్టి, కాల్స్ దగ్గర "కాంటాక్ట్స్ మాత్రమే" అని సెలెక్ట్ చేసేశా. పేరు సేవ్ చేసిన వాళ్లు చేస్తేనే మోగుతుంది, మిగతావన్నీ సైలెంట్. రెండు వారాలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఏమైందో చెప్తే, ఈ ఆర్టికల్ ఎందుకు రాస్తున్నానో మీకే అర్థమవుతుంది.

ఆ రాత్రి ఏం జరిగిందంటే..

నాన్న ఖమ్మం నుంచి బస్సులో వస్తున్నారు. ఎంజీబీఎస్ లో దిగగానే ఫోన్ చేస్తే నేను బైక్ మీద వెళ్లి తీసుకురావాలని ప్లాన్. సూర్యాపేట దాటాక ఆయన ఫోన్ లో చార్జింగ్ అయిపోయింది. తొమ్మిదింటికి దిగి, పక్కనున్న వాళ్ల ఫోన్లు అడిగి నాకు కాల్ చేశారు. ఒకరి తర్వాత ఒకరు, మొత్తం ముగ్గురి ఫోన్ల నుంచి.

నా ఫోన్ మోగలేదు. కాసేపటికి స్క్రీన్ చూస్తే మూడు తెలియని నెంబర్ల నుంచి మిస్డ్ కాల్స్. "వీళ్లకి రాత్రి కూడా నిద్ర ఉండదా" అనుకుని, అలవాటుగా మూడింటినీ బ్లాక్ చేసి, స్పామ్ అని రిపోర్ట్ కూడా కొట్టేశా.

పదిం పావు అయ్యేసరికి నాకు కంగారు మొదలైంది. నాన్న నెంబర్ స్విచ్ ఆఫ్. కూకట్‌పల్లి నుంచి బైక్ తీశా. బస్టాండ్ లో ఒక బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. షుగర్ పేషెంట్. భోజనం టైమ్ దాటిపోయింది, బిస్కెట్ ప్యాకెట్ తో నెట్టుకొచ్చారు.

"నీ నెంబర్ ఒక్కటే నాకు నోటికి వచ్చురా. ముగ్గురిని అడిగి చేశా. ఒక్కసారి కూడా ఎత్తలేదేంట్రా?" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇందులో ఒక టెక్నికల్ సంగతి కూడా ఉంది. ఆండ్రాయిడ్ డు నాట్ డిస్టర్బ్ లో "రిపీట్ కాలర్స్" అని ఒక ఆప్షన్ ఉంటుంది. ఒకే నెంబర్ నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే, మోడ్ ఆన్ లో ఉన్నా మోగుతుంది. నా ఫోన్ లో అది ఆన్ లోనే ఉంది. కానీ నాన్న ఒక్కో ఫోన్ నుంచి ఒక్కసారే చేశారు. పరాయి వాళ్ల ఫోన్ ని రెండోసారి అడగడానికి మొహమాటపడ్డారు. ఆ మొహమాటాన్ని ఏ సెట్టింగూ పట్టుకోలేదు.

బ్లాక్ బటన్ నిజంగా చేసేది ఇంతే

మరుసటి రోజు కూర్చుని ఆలోచించా. ఏడాది నుంచి నేను బ్లాక్ చేసిన నెంబర్ల లిస్ట్ కింద వరకు స్క్రోల్ చేస్తే అంతే దొరకట్లేదు. మరి కాల్స్ తగ్గాయా? లేదు. ఎందుకంటే బ్లాక్ అనేది నా ఫోన్ లో మాత్రమే జరిగే పని. అవతలి నెంబర్ కి ఏమీ కాదు. అది పక్కనున్న మీకు, మీ అక్కకి, మీ మేనమామకి కాల్ చేస్తూనే ఉంటుంది. నాకు మాత్రం అదే కంపెనీ ఇంకో సిమ్ నుంచి చేస్తుంది.

"హలో" అనగానే కట్ అయ్యే కాల్స్ సంగతి కూడా చూద్దాం. కాల్ సెంటర్లలో ఆటో డయలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కూర్చున్న మనుషుల కంటే ఎక్కువ నెంబర్లకి అది ఒకేసారి కాల్ చేసేస్తుంది. ఎవరు ఎత్తితే వాళ్లని ఖాళీగా ఉన్న ఏజెంట్ కి కలుపుతుంది. ఆ క్షణంలో ఎవరూ ఖాళీగా లేకపోతే కట్. మీరు ఎత్తిన వెంటనే వినిపించే ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం అదే. అయితే మీరు ఎత్తారు కాబట్టి, ఈ నెంబర్ వాడుకలో ఉంది అన్న సంగతి మాత్రం వాళ్లకి తెలిసిపోతుంది.

ఎర్ర స్క్రీన్ ఎవరి కోసం?

"స్పామ్ అని రిపోర్ట్ కొడుతున్నాం కదా బ్రో" అంటారు మీరు. అది ఎక్కడికి వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? గూగుల్ ఫోన్ యాప్ లో కొడితే గూగుల్ కి వెళ్తుంది. ట్రూకాలర్ లో కొడితే స్వీడన్ లో 2009లో మొదలైన ఆ కంపెనీ డేటాబేస్ కి వెళ్తుంది. ట్రూకాలర్ కి అతి పెద్ద మార్కెట్ మన ఇండియానే. ఈ యాప్స్ వల్ల లాభం లేదని అనను. ఎర్ర స్క్రీన్ చూసి కాల్ ఎత్తకుండా వదిలేసిన సందర్భాలు నాకూ చాలానే ఉన్నాయి. కానీ ఆ రిపోర్ట్ తో సిమ్ కట్ అవ్వదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మన ఫోన్ స్క్రీన్ మీదే అధికారం, టెలికాం నెట్‌వర్క్ మీద లేదు. మనం ఫ్రీగా ఇచ్చిన రిపోర్ట్ తో వాళ్ల డేటాబేస్ బలపడుతుంది, అంతే.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఈ లెక్కంతా నాలాంటి వాళ్లు విసుగులో కొట్టే రిపోర్టుల మీద నడుస్తుంది. ఆ రాత్రి నేను స్పామ్ అని ముద్ర వేసింది ఎవరికి? ఒక పెద్దాయనకి తమ ఫోన్ ఇచ్చి సాయం చేసిన ముగ్గురికి. ఇలాంటి రిపోర్టులు ఇంకొన్ని తోడైతే రేపు వాళ్లు ఏదో ఇంటర్వ్యూ కోసం కాల్ చేస్తే అవతల ఎర్ర స్క్రీన్ కనిపించొచ్చు. పైగా మన దేశంలో ఒక నెంబర్ డిస్‌కనెక్ట్ అయ్యాక కనీసం 90 రోజులు ఆగి వేరే వాళ్లకి ఇస్తారు. అంటే కొత్తగా సిమ్ తీసుకున్న కుర్రాడికి పాత ఓనర్ చెడ్డపేరు ఫ్రీగా వచ్చే అవకాశం ఉంది. మీకు అలా జరిగి ఉంటే, ట్రూకాలర్ సైట్ లో అన్‌లిస్ట్ అనే ఆప్షన్ తో నెంబర్ తీయించుకోవచ్చు.

నేనైతే మూడు నెంబర్లనీ అన్‌బ్లాక్ చేసి, "స్పామ్ కాదు" అని మార్చి, ముగ్గురికీ కాల్ చేసి థ్యాంక్స్ చెప్పా. ఒకాయన నా కాల్ ఎత్తలేదు. తెలియని నెంబర్ కదా, తప్పు పట్టలేను.

డీఎన్‌డీ పెట్టినా కాల్స్ ఎందుకు వస్తున్నాయి?

ముందు ఒక కన్ఫ్యూజన్ తీర్చుకుందాం. ఫోన్ లో ఉండే డు నాట్ డిస్టర్బ్ వేరు, ట్రాయ్ డీఎన్‌డీ వేరు. మొదటిది ఫోన్ ని సైలెంట్ చేసే మోడ్. రెండోది "నాకు ప్రకటనల కాల్స్ వద్దు" అని మన ఆపరేటర్ దగ్గర నమోదు చేసుకోవడం. ఇంగ్లీష్ క్యాపిటల్ లెటర్స్ లో స్టార్ట్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, 0 కొట్టి 1909 కి మెసేజ్ పెడితే అన్ని రకాల ప్రకటనలూ వద్దన్నట్టు. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, విద్య, ఆరోగ్యం.. ఇలా విభాగాల వారీగా కూడా ఆపుకోవచ్చు. డీఎన్‌డీ పెడితే ఓటీపీలు ఆగిపోతాయని చాలామందికి భయం. ఆగవు, నిశ్చింతగా పెట్టుకోండి.

మరి పెట్టాక కూడా ఎందుకు వస్తున్నాయంటే, కారణాలు రెండు.

ఒకటి, మన సమ్మతి. ఏదో యాప్ లో లోన్ అర్హత చెక్ చేసుకునేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో టిక్ ఉంటుంది. దాన్ని చదవకుండా ఓకే కొడతాం. డీఎన్‌డీ ఉన్నా మీరు సమ్మతి ఇచ్చిన కంపెనీ కాల్ చేయొచ్చు.

రెండు, దొంగదారి. రూల్ ప్రకారం ప్రకటనల కాల్స్ రిజిస్టర్ చేసుకున్న టెలీమార్కెటర్లే, 140 సిరీస్ నెంబర్ల నుంచే చేయాలి. బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు చేసే సర్వీస్ కాల్స్ కోసం 1600తో మొదలయ్యే సిరీస్ ఉంది. కానీ మనకి వచ్చేవి ఎక్కువగా మామూలు పది అంకెల మొబైల్ నెంబర్ల నుంచి. వీళ్లు అసలు రిజిస్టరే చేసుకోరు. ఇక డీఎన్‌డీ లిస్ట్ ని వాళ్లు చూసేదెప్పుడు?

అసలు ఆయుధం: 1909 కి కంప్లైంట్

ఈ భాగం కోసమే ఇదంతా రాశా. 2018 నాటి స్పామ్ రూల్స్ ని ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించింది. మనకి పనికొచ్చే మార్పులు ఇవి:

1. ఇంతకుముందు కాల్ వచ్చిన 3 రోజుల్లోపే కంప్లైంట్ చేయాలి. ఇప్పుడు 7 రోజుల వరకు టైమ్ ఉంది.

2. రిజిస్టర్ కాని నెంబర్ల మీద కంప్లైంట్ చేయడానికి ముందుగా డీఎన్‌డీ పెట్టుకుని ఉండాల్సిన పని లేదు.

3. అలాంటి నెంబర్ల మీద ఆపరేటర్ 5 రోజుల్లో చర్య తీసుకోవాలి. పాత గడువు 30 రోజులు.

4. పాత రూల్ లో చర్య మొదలవ్వాలంటే 7 రోజుల్లో 10 కంప్లైంట్లు రావాలి. ఇప్పుడు 10 రోజుల్లో 5 వస్తే చాలు.

నాలుగో పాయింట్ ఇంకోసారి చదవండి. అయిదు కంప్లైంట్లు! మొదటిసారి దొరికితే ఆ పంపినవాడి నెంబర్లన్నింటికీ 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ దొరికితే అన్ని ఆపరేటర్ల దగ్గరా కనెక్షన్లు ఏడాది పాటు కట్. వెయ్యి మంది బ్లాక్ కొట్టినా ఆ నెంబర్ బతికే ఉంటుంది. అయిదుగురు కంప్లైంట్ చేస్తే దాని మీద చర్య మొదలవుతుంది.

ఎలా చేయాలంటే: ఒక మెసేజ్ లో ఆ కాల్ దేని గురించో రెండు ముక్కలు, కామా, కాల్ వచ్చిన నెంబర్, కామా, తేదీ రాసి 1909 కి పంపండి. తేదీలో రోజు, నెల, సంవత్సరం రెండేసి అంకెల్లో ఉండాలి. ఏ సిమ్ కి కాల్ వచ్చిందో అదే సిమ్ నుంచి పంపండి, డ్యూయల్ సిమ్ వాడేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. మెసేజ్ బద్ధకమైతే ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ఉంది, మీ ఆపరేటర్ యాప్ లోనూ చూడండి.

నేను పంపిన మొదటి కంప్లైంట్ తిరిగొచ్చింది, వివరాలు సరిపోలేదని. తప్పు నాదే, తేదీ మర్చిపోయా. ఆ తర్వాత నుంచి రాత్రి పడుకునే ముందు కాల్ లాగ్ తెరిచి ఆ రోజు వచ్చిన చెత్తంతా ఒకేసారి పంపేస్తున్నా. మా ఆఫీస్ వాట్సాప్ గ్రూప్ లో కూడా ఈ అలవాటు పెట్టా. ఒకే ప్లాట్ల కంపెనీ నెంబర్ ఆరుగురికి వచ్చిందని తెలిసిన రోజు, ఆరుగురమూ టీ తాగుతూ మెసేజ్ పెట్టాం. దానికి ఏమైందో నాకు చూపించే స్క్రీన్ అంటూ ఏదీ లేదు. ఆ నెంబర్ నుంచి మాత్రం మళ్లీ మాలో ఎవరికీ కాల్ రాలేదు.

మోసం కాల్ అయితే దారి వేరు

లోన్ అమ్మేవాడు వేరు, "మీ ఆధార్ మీద కేసు ఉంది" అని బెదిరించేవాడు వేరు. రెండో రకం కాల్స్ ని సంచార్ సాథీ లోని చక్షులో రిపోర్ట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయండి. ఎవరైనా స్టార్, 401 తో మొదలయ్యే కోడ్ డయల్ చేయమంటే మాత్రం అస్సలు చేయొద్దు, అది మీ కాల్స్ ని వాళ్లకి మళ్లించే ట్రిక్. అనుమానంగా ఉంటే ##002# డయల్ చేయండి, ఉన్న ఫార్వార్డింగ్ లన్నీ రద్దవుతాయి.

మెసేజ్ ల విషయంలో ఒక చిన్న గుర్తు. పంపినవారి పేరు చివర డ్యాష్ తర్వాత ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది. పి అయితే ప్రకటన, ఎస్ అయితే సర్వీస్, టి అయితే లావాదేవీ, జి అయితే ప్రభుత్వం. "బ్యాంక్ నుంచి" అంటూ మామూలు మొబైల్ నెంబర్ నుంచి మెసేజ్ వస్తే అందులోని లింక్ ముట్టుకోకండి.

ఇప్పుడు నా ఫోన్ ఎలా ఉందంటే..

"కాంటాక్ట్స్ మాత్రమే" తీసేశా. తెలియని నెంబర్ వస్తే మోగుతుంది, ఎత్తుతా. లోన్ అయితే నెంబర్ 1909 కి పోతుంది. ఐఫోన్ లో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ వాడేవాళ్లకి కూడా నా మాట ఒకటే: ఇంట్లో పెద్దవాళ్లు ప్రయాణంలో ఉన్న రోజు దాన్ని ఆఫ్ చేయండి.

నాన్న సంచిలో ఇప్పుడు ఒక పవర్ బ్యాంక్, మూడు నెంబర్లు రాసిన కాగితం ఉంటాయి. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "ఎవడో లోన్ కావాలా అన్నాడురా, నెంబర్ రాసుకో" అన్నారు. నా సిమ్ నుంచి కుదరదు నాన్నా, మీ సిమ్ నుంచే పంపాలి అని నేర్పించా. పది నిమిషాలు పట్టింది. ఆ నెంబర్ మీద ఒక కంప్లైంట్ పడింది. ఇంకో నాలుగు కావాలి.