ఫోనుకు పలకని బల్బు

లైట్లు, ఫ్యాన్లు, తలుపు తాళాలు ఫోనుతో నడిచే ఇంటిని స్మార్ట్ హోమ్ అంటున్నారు. మన వసతి గృహంలో ఉంటూ ఐటిఐలోనూ పాలిటెక్నిక్‌లోనూ ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మాకు రేపు అన్నం పెట్టే పనుల్లో ఇదీ ఒకటి. అందుకని ఈ ఇళ్ళలో తరచూ వచ్చే ఒక చిక్కు గురించి ఈ సంచికలో రాస్తున్నాము. నిన్నటిదాకా పనిచేసిన బల్బు ఇవాళ పలకదు. ఫోను తెర మీద 'ఆఫ్‌లైన్' అని వస్తుంది.

చాలామంది వెంటనే రీసెట్ చేస్తారు. దాంతో బల్బులో ఉన్న రౌటరు పేరు, పాస్‌వర్డు చెరిగిపోతాయి. పెట్టుకున్న టైమర్లు కూడా చాలాసార్లు పోతాయి. అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి రీసెట్ చివరి మందు. ముందు చూడవలసింది, పలకనిది ఒక్కటేనా, అన్నీనా? అన్నీ ఒకేసారి పోతే రౌటరునో ఇంటర్నెట్‌నో అనుమానించాలి. ఒక్కటే పోతే ఆ వస్తువును, దానికీ రౌటరుకూ మధ్య ఉన్న గాలిని చూడాలి.

గాలిని ఎందుకు చూడాలంటారా? ఈ బల్బుల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతోనే మాట్లాడతాయి. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలు ఈ తరంగాలను వాడుకోవడానికి లైసెన్సు అక్కరలేదని 2005లో నియమాలు వచ్చాయి. బ్లూటూత్ ఉండేది ఇక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది దాదాపు ఇక్కడే. అపార్టుమెంట్లలో పక్కింటి రౌటర్లూ ఇక్కడే. స్టడీ అవర్‌లో ఒకే హాల్లో అందరం గట్టిగా చదివితే ఎవరి పాఠం ఎవరికి వినిపిస్తుంది? ఇదీ అంతే. ఒకదానితో ఒకటి కలవని ఛానళ్ళు 1, 6, 11 మూడే. పక్కింటివాళ్ళు 6లో ఉంటే రౌటరును 1కో 11కో మార్చుకోవాలి.

ఇనుప బీరువా, నీళ్ళ ట్యాంకు, స్లాబు కూడా తరంగాలను అడ్డుకుంటాయి. సిగ్నల్ బలం చూపించే యాప్‌లో మైనస్ 50 ఉంటే బాగున్నట్టు, మైనస్ 80 ఉంటే బాగా నీరసించినట్టు. తేడా 30 అంకెలే కదా అనుకోకూడదు, అందే శక్తి వెయ్యో వంతుకు పడిపోయిందన్నమాట. రౌటరును టీవీ వెనక నుంచి తీసి కాస్త ఎత్తులో పెడితేనే సగం ఇళ్ళు బాగుపడతాయని మా నమ్మకం.

ఇక కరెంటు కోత. కరెంటు రాగానే బల్బు కొద్ది సెకన్లలో లేస్తుంది, రౌటరుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కొన్ని బల్బులు కాసేపు వెతికి ఊరుకుంటాయి. రౌటరు లేచాక బల్బును ఒకసారి ఆపి వేస్తే చాలు. రౌటరుకు చిన్న యూపీఎస్ పెడితే ఆ గొడవే ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది జిగ్‌బీ పద్ధతి. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటే, ఇక్కడ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇంట్లో తలుపులకు సెన్సర్లు పెట్టిస్తున్నారు. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే బల్బులు పక్కవాటి కబురును అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీ సెన్సర్లు పంపవు. పెరటి తలుపు సెన్సరు హాలు బల్బు ద్వారా మాట్లాడుతోందనుకోండి. అవ్వ పడుకునే ముందు అలవాటు ప్రకారం గోడ మీద స్విచ్ ఆపేస్తుంది. బల్బుతోపాటు సెన్సరు దారీ మూసుకుపోతుంది. ఆ తరువాత తలుపు తెరిచినా, ఫోనులో పాత మాటే 'మూసి ఉంది' అని చాలాసేపు కనిపించవచ్చు. ఆఫ్‌లైన్ అని చెప్పేదానికంటే ఇది ప్రమాదం.

ఇందులో అవ్వ తప్పేమీ లేదు. దీపం ఆర్పడం మంచి అలవాటే, ఆ అలవాటును లెక్కలోకి తీసుకోకుండా బిగించినవారిదే లోపం. ఎప్పుడూ ఆపని సాకెట్‌లో ఒక జిగ్‌బీ ప్లగ్గు పెట్టి, కబురు దాని ద్వారా వెళ్ళేలా చూడాలి. లేదా మామూలు బల్బే ఉంచి, స్విచ్‌నే స్మార్ట్‌ది వేయాలి. అలాంటి స్విచ్‌లు చాలావాటికి న్యూట్రల్ వైరు కావాలి, బోర్డులో అది ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పని అయ్యాక మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి, అయిదు నిమిషాలాగి వేయండి. హాలు లైటు ఆర్పి, పెరటి తలుపు తెరిచి, ఫోనులో మారిందో లేదో ఆ పెద్దవాళ్ళ ముందే చూసి రండి.