రంగుల పటంలో కూలీ తాగే నీళ్లు ఏవి?

ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో మొట్టమొదట ఎవరు కనిపెట్టారని అడిగితే పుస్తకాల్లో 1937 అనీ, మద్రాసు రాజధాని అనీ, కొందరు డాక్టర్ల పేర్లూ కనిపిస్తాయి. నిజమే, వారి వ్యాసం ఆ ఏడే అచ్చయింది. కాని అంతకుముందే అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, పొదిలి, దర్శి, కనిగిరి వైపున, రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లో అదే జబ్బు ఉన్నట్టు బయటపడింది ఆ తర్వాతే. తాగే నీళ్లే కారణమని డాక్టర్లు తేల్చారు. వారి శ్రమను తక్కువ చేయనక్కర లేదు. కాని రైతుల మాట ఆ చరిత్రలో ఒక వాక్యంగా కూడా మిగలడం కష్టమైంది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటారా? విశ్వవిద్యాలయాల నుంచి భూగోళశాస్త్రం, పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు ఈ మధ్య మన ఊళ్లకు తరచుగా వస్తున్నారు. సీసాల్లో బోరు నీళ్లు పట్టుకుంటారు, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుంటారు, నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకుని పోతారు. చాలామంది మంచి పిల్లలు. వాళ్లలో కూలీల బిడ్డలూ ఉన్నారు, నీళ్ల పరీక్షకు సొంత డబ్బు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పోయిన తర్వాత మాత్రం ఏమైందో ఊరికి తెలియదు. సీసా పోయింది, పిల్లలు పోయారు, ఫలితం ఇంగ్లీషులో గ్రంథాలయం బీరువాకెక్కింది.

అది ఎట్లా ఉంటుందో చూద్దామని పోయిన వానాకాలంలో ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుకు మా మండలం నుంచి నలుగురం పోయాం. ముగ్గురు ఆడకూలీలు, నేను. ఒక పరిశోధక విద్యార్థిని నల్లగొండ జిల్లా నీళ్ల మీద మాట్లాడింది. గోడ మీద పటం వేసింది. ఎరుపు ఉన్నచోట ఫ్లోరైడ్ ఎక్కువ, పసుపు మధ్యరకం, పచ్చ అయితే భయం లేదు. తెలివైన పిల్ల, తెలుగులోనే చెప్పింది. రాయిని బట్టి నీళ్లుంటాయన్నది. మన కింద ఉన్న గ్రానైటు రాతిలోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి, నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత కరిగి వస్తుంది, సున్నపు పాలు తక్కువగా ఉన్న నీళ్లలో అది మరీ నిలుస్తుంది, అందుకే లోతు బోర్లతో ప్రమాదం పెరిగింది అని విడమరిచింది. మా వాళ్లకు బాగా అర్థమైంది.

ప్రశ్నలుంటే అడగండి అన్నారు. మాతో వచ్చిన పెద్దామె లేచింది.

"మా ఊరు పచ్చ రంగుల ఉన్నది గదా బిడ్డా. మరి మేం పత్తి చేన్ల తాగే నీళ్లు ఏ రంగుల ఉన్నయ్?"

"ఏ చేను అమ్మా?" అన్నది ఆ అమ్మాయి.

"ఒక్కటేంది? రోజుకొక చేను. ఆటో ఏడికి పోతే ఆడి నీళ్లే."

హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. అధ్యక్షులవారు టైం అయిపోయిందన్నారు. ఆ అమ్మాయి మాత్రం ఊరుకోలేదు, భోజనాల దగ్గర వచ్చి మా పక్కన కూచుని రాసుకున్నది. ఆమెను మెచ్చుకోవాలి.

పెద్దామె అడిగిన దాంట్లో ఎంత శాస్త్రం ఉందో చూడండి. మునుగోడు, మర్రిగూడ వంటి చోట్ల ఒకప్పుడు ఊరి బోరే గతి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో చాలా ఊళ్లకు నల్లాలొచ్చాయి. సర్వే చేసేవాళ్లు ఇంటికొచ్చి "ఏ నీళ్లు తాగుతారు?" అంటారు. "నల్లా నీళ్లు" అని ఇంట్లో ఉన్న ముసలాయనో పిల్లలో చెబుతారు. అబద్ధం కాదు. కాని పొద్దున ఆటో ఎక్కి పోయిన మనిషి తెచ్చుకున్న సీసా పది గంటలకే ఖాళీ. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆసామి బోరు నీళ్లే. ఆ నీళ్లు ఏ ఇంటి లెక్కలోకీ రావు.

ఎండలో కలుపు తీసే మనిషి నీడన కూచునే మనిషి తాగినట్టు తాగదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా సర్దుకోవచ్చునని మన దేశ ప్రమాణం. ఆ 1.5 నీళ్లనే రెండు లీటర్లు తాగినవాడి ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. ఆరు లీటర్లు తాగిన కూలీ ఒంట్లోకి 9 పోతుంది. నీళ్లు ఒక్కటే, ప్రమాణం ఒక్కటే. స్థానికంగా మనుషులు ఎంత నీరు తాగుతారో చూసి హద్దు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మరి పత్తి చేనులో కూలీ ఎంత తాగుతుందో కొలిచేదెవరు?

పటం సంగతి కూడా కార్యకర్తలు తెలుసుకోవాలి. రంగు వేసిన ప్రతి చోటా నీళ్లు పరీక్ష చేసినట్టు కాదు. కొన్ని బోర్ల నీళ్లు పరీక్ష చేస్తారు, మధ్యలో ఉన్న జాగాను కంప్యూటరు అంచనా కట్టి నింపుతుంది. గ్రానైటు నేలలో ఒక బోరుకూ పక్క బోరుకూ పోలిక ఉండదని బోర్లు వేయించి అప్పులపాలైన ప్రతి రైతుకూ తెలుసు. కనుక పచ్చ రంగు చూసి సంబరపడొద్దు. మా బోరు పరీక్ష చేశారా లేదా అని అడగాలి. పరిశోధకులు దీన్ని దాచరు, అడిగితే చెబుతారు.

అసలు నల్లగొండ మీద పరిశోధనకు తక్కువేమీ లేదు. 1973లోనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే జబ్బు గురించి రాశారు. నాగార్జునసాగర్ కట్టిన తర్వాత భూగర్భజలం పైకొచ్చి, నేల మారి, జొన్న గింజలో మాలిబ్డినం పెరిగిందని, దాంతో ఒంట్లోని రాగి పోతున్నదని వారి వాదన. జొన్నలు తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని కూడా ఆ రోజుల్లోనే చూశారు. అప్పుడు జొన్న గటక తిన్నదెవరు? కూలీలే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్ సంస్థ నీరీ 1970లలో రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. పేరు దేశాలు తిరిగింది. నల్లగొండ మాత్రం అవే నీళ్లు తాగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ గోడు వినిపించడానికి ఒక్క నల్లగొండ స్థానంలోనే 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 1937 నుంచి లెక్కవేస్తే అప్పటికి దాదాపు అరవై ఏళ్లు.

జనం తామే కొలిచిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో, రైతులే వాన కొలిచి, బోర్లలో నీటి మట్టం కొలిచి, ఊళ్లో బోర్డు మీద రాసి, యాసంగికి ఎంత నీరుందో లెక్కకట్టారు. బడి మెట్లెక్కని ఆడవాళ్లు కూడా కొలిచారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా అందులో చేయివేసింది. మంచి పని. అయితే అది ముఖ్యంగా పంటకు నీళ్ల లెక్క. కూలీ కుండలోని నీళ్ల లెక్క దానికి జోడించవలసే ఉంది.

కాబట్టి ఊళ్లోకి సీసాలు పట్టుకొచ్చే పిల్లలను మన కార్యకర్తలు తరమొద్దు, దండలూ వేయొద్దు. రాత్రి ఏడు తర్వాత రమ్మనాలి, అప్పుడైతేనే కూలీలు ఇంట్లో ఉంటారు. లేదా పొద్దున ఆటోలో తమతోపాటు చేనుకు తీసుకుపోవాలి. ఆసామి బోరు నీళ్లు కూడా పట్టించాలి. ఆసామి వద్దంటే కుండలో నీళ్లు కూలీలవి, వాటిని పట్టించవచ్చు. ఏ బోరులో ఎంత వచ్చిందో తెలుగులో ఒక కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటిస్తామని ముందే మాట తీసుకోవాలి. ఫ్లోరైడ్ మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క ముక్కా ఆ కాగితం అడుగున రాయిస్తే చాలా ఇళ్లలో కట్టెలైనా మిగులుతాయి.

ఫలితం చేతికొచ్చాక పని ఆసామితో. బోరు నీళ్లలో 1.5 దాటితే చేనుకు నల్లా నీళ్ల డబ్బా తేవలసిన బాధ్యత అతనిది. కూలి రేటు మాట్లాడుకునే రోజే నీళ్ల మాటా మాట్లాడుకోవాలి. ఈ పత్తి ఏరే సీజనుకు మా మండలంలో మూడు ఊళ్ల కూలీలు రేటుతో పాటు రెండు ఇరవై లీటర్ల డబ్బాలు అడగాలని తీర్మానించుకున్నారు.